ఆకులు పచ్చగానే ఉన్నాయి, వేళ్లు మాత్రం పస్తులున్నాయి

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. మా పెరట్లో తొమ్మిదేళ్ల చిన్నరసం మామిడి చెట్టు ఉంది. అంటుమొక్క తెచ్చి వేసినది. నాలుగేళ్ల క్రితం బట్టలు ఆరేసుకోవడానికి దాని మానుకు ఛాతీ ఎత్తున ఇనుప తీగ చుట్టి కట్టాం. మొన్న సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తూ చూస్తే, తీగ బెరడులోకి దిగిపోయి కనిపించకుండా పోయింది. మావారు పట్టకారుతో లాగి తీశారు. తీగతో పాటు మాను చుట్టూ రెండు వేళ్ల వెడల్పున బెరడు ఊడివచ్చింది. దానికి పైభాగంలో బెరడు వడలా ఉబ్బి ఉంది, కింద మామూలుగానే ఉంది. అయినా ఈ ఏడు పూత ఎన్నడూ లేనంతగా వచ్చింది. ఇప్పుడు గోలీకాయలంత పిందెలున్నాయి. ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. నీళ్లు కర్రలోంచి పైకి వెళతాయి కాబట్టి ఏమీ కాదంటాడు మా మరిది. చెట్టు మొదట్లో యూరియా వేసి బెల్లం నీళ్లు పోయమన్నారు పక్కింటి పెద్దాయన. ఊడిన చోటుకు కింద నుంచి పిలకలు వస్తుంటే, చెట్టు బలం లాగేస్తాయని తుంచేస్తున్నాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం “దారువు ఉంది కానీ పోషక కణజాలం తెగిపోయింది, చెట్టు చచ్చిపోతుంది” అని బెంగపెట్టుకుంది. ఎవరి మాట నిజం? మా చెట్టు బతుకుతుందా?

సమాధానం:

అమ్మా, ముందు ఒక పని చేయండి. మిగతా ఉత్తరం తర్వాత చదవవచ్చు. ఆ పిలకలను తుంచడం ఈ రోజుతో ఆపేయండి. ఇంట్లో అందరికీ చెప్పండి, పెరట్లో మేకలు తిరుగుతుంటే చుట్టూ కంప కట్టండి. ఈ రోజు మీ చెట్టుకు ఉన్న ఆధారం ఆ పిలకలే.

మీ అమ్మాయి చెప్పింది నిజం. మీ మరిది చెప్పింది కూడా సగం నిజం, మీరందరూ ధైర్యంగా ఉండటానికి ఆ సగమే కారణమైంది. చెట్టు బతికే దారి ఇంకా ఉంది. అది ఎలాగో చెప్పాలంటే చెట్టులో నీళ్లు, తిండి ఏ దారిన నడుస్తాయో కాస్త వివరంగా చెప్పాలి. ఆ సంగతి తెలిస్తే ఏం చేయాలో మీకే తోస్తుంది.

బెరడు ఊడిన చోట వేలు పెట్టి చూడండి. నున్నటి కర్ర తగులుతుంది. అదే మీ అమ్మాయి చెప్పిన దారువు. వేళ్లు పీల్చిన నీరు, ఆ నీటిలో కరిగిన లవణాలు దీని ద్వారానే పైకి పోతాయి. ఇప్పుడు ఊడివచ్చిన బెరడు ముక్క ఉంటే దాని లోపలి వైపు చూడండి. పైన గరుకుగా ఉన్న పొట్టు కాదు, లోపల మెత్తగా, పీచుగా ఉండే పలుచటి పొర. అది పోషక కణజాలం. ఆకులో తయారైన చక్కెర చెట్టంతా తిరిగేది ఆ పొరలోనే. ఈ రెండింటి మధ్య కంటికి ఆనని మరో పొర ఉంటుంది. వానాకాలంలో మునగ కొమ్మ బెరడు ఒలిస్తే చేతికి జారుడుగా తగులుతుందే, ఆ తడి దానిదే. దాన్ని విభాజ్య కణజాలం అంటారు. అది లోపలివైపు కొత్త కర్రను, బయటివైపు కొత్త బెరడును ఏటేటా పేరుస్తూ పోతుంది. చెట్టు లావెక్కేది అలాగే. కాబట్టి మీ తీగ దానంతటది బెరడులోకి దిగలేదు. తీగ కట్టిన చోటే ఉంది. చెట్టు లావై దాన్ని మింగింది. మింగుతూ మింగుతూ తన గొంతు తానే బిగించుకుంది.

తొర్రపడిన చింతచెట్టు మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. మనిషి దూరేంత తొర్ర ఉన్నా పైన చిగురు వేస్తూనే ఉంటుంది. పిల్లలకు అది పెద్ద వింత. మాను నడిమధ్య ఉండే చేవ చెట్టు బరువు మోయడానికే తప్ప నీళ్లు మోయడానికి పనికిరాదు, అందులో కణాలన్నీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. నీళ్లు నడిచేది చేవకు బయట ఉండే లేత కర్రలో. ఆ కర్రకు బయట, బెరడు లోపల, తిండి నడుస్తుంది. అంటే ఎంత పెద్ద మానైనా దాని ప్రాణమంతా బయటి అంచున కొద్ది అంగుళాల్లో ఉంటుంది. చింతచెట్టు మధ్యంతా పోయినా బతికింది. మీ మామిడికి అంచున రెండు వేళ్ల మేర పోయింది, అందుకే ప్రమాదం.

మీ మరిది మాటకు వద్దాం. నీళ్లు కర్రలోంచి వెళతాయన్నది ముమ్మాటికీ నిజం. ఎలా వెళతాయన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం. బావి గట్టు మీద మోటారు పెట్టి నీళ్లు లాగే రైతును అడగండి, నీళ్లు ఏడెనిమిది మీటర్ల లోతుకు పోతే ఆ మోటారు ఇక లాగలేదని చెబుతాడు. గాలి ఒత్తిడి నీటిని 10 మీటర్లకు మించి ఎత్తలేదు. అందుకే లోతు బోర్లలో మోటారునే నీటిలోకి దించి కిందినుంచి నెట్టిస్తాం. అలాంటిది కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ చెట్లు 115 మీటర్ల ఎత్తున ఉన్న ఆకుకు కూడా నీరందిస్తాయి, మోటారు లేదు, చప్పుడు లేదు. వేళ్లు కిందినుంచి నెడతాయా అంటే, కొంత నెడతాయి. తెల్లవారుజామున వరి నారుమడికి వెళితే ప్రతి ఆకు కొసన ఒక నీటి బొట్టు నిలిచి ఉంటుంది. అందరూ మంచు అనుకుంటారు కానీ అందులో ఎక్కువ భాగం వేరు నెట్టిన నీరే. అయితే ఆ నెట్టుడు గడ్డికి, నారుకు సరిపోతుంది. మానుకు చాలదు.

మానులో నీటిని పైనుంచి ఎండ లాగుతుంది. ఆకు అడుగున ఉండే సన్నటి రంధ్రాల నుంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. ఒక నీటి అణువు వెళ్లిపోతూ తన వెనక ఉన్నదాన్ని లాగుతుంది, అది తన వెనకదాన్ని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, వెంట్రుకంత సన్నటి దారునాళంలో ఆకు నుంచి వేరు దాకా ఆ నీరు తెగని తాడులా ఉంటుంది. ఈ సంగతిని 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జాలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. దానికి కాస్త ముందే జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ అనే శాస్త్రజ్ఞుడు, కోసిన చెట్ల మొదళ్లను విషపు ద్రావణంలో నిలబెట్టి చూశాడు. విషం దారి పొడవునా కణాలను చంపుకుంటూ పోయినా, ఆకులు చచ్చేదాకా ద్రావణం పైకి పోతూనే ఉంది. అంటే నీటిని మోయడానికి మానులో ప్రాణమున్న కణాల అవసరమే లేదు. దారునాళాలు చచ్చిన కణాల గోడలే, ఉత్త గొట్టాలు.

మీ ఇంట్లో అందరినీ నమ్మించింది ఇదే. బెరడు పోయినా గొట్టాలు చెక్కుచెదరలేదు, కాబట్టి నీళ్లు అందుతున్నాయి, ఆకులు వాడలేదు. ఆకు చూసి చెట్టు ఆరోగ్యం చెప్పడం మనందరికీ అలవాటు. ఈ ఒక్క జబ్బులో మాత్రం ఆ అలవాటు మోసం చేస్తుంది.

వేరుకు ఎండ తగలదు. అది తినే ప్రతి మెతుకూ పైన ఆకులో వండినదే. ఆ వంట కిందికి దిగే దారి బెరడు లోపలి పొర ఒక్కటే. మీ చెట్టులో ఆ దారి చుట్టూరా తెగింది. నీటి గొట్టాల్లా కాకుండా ఈ పొరలోని గొట్టాలు బతికున్న కణాలు. ఒక కణానికీ మరో కణానికీ మధ్య గోడలో జల్లెడలా చిల్లులుంటాయి కాబట్టి చాలనీ నాళాలన్నారు. వాటిలో కేంద్రకం ఉండదు, పక్కనే అంటిపెట్టుకుని ఉండే సహకణాలు వాటి బాగోగులు చూస్తాయి. ఆకు దగ్గర ఆ నాళాల్లోకి చక్కెర చేరుతుంది. చక్కెర చిక్కబడేసరికి పక్కనున్న దారువు నుంచి నీరు వచ్చి చేరుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. వేరు దగ్గర చక్కెర ఖర్చవుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి తీపినీరు దానంతటది పారుతుంది, గంటకు అర మీటరు నుంచి మీటరు దాకా. 1930లో ఎర్నెస్ట్ మ్యూంఖ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చేసిన ఈ వివరణనే ఇప్పటికీ పాఠాల్లో చెబుతున్నారు.

ఒత్తిడి అంటే ఏదో కొద్దిపాటి అనుకోకండి. కారు టైరులో గాలికి నాలుగైదు రెట్లు ఉంటుంది. మామిడి పూత సమయంలో చెట్టు కింద నిలబడితే ఆకుల మీద, నేల మీద జిగటగా తేనె చల్లినట్టు ఉంటుంది చూశారా? తేనెమంచు పురుగు పని అది. పురుగు ఆ నాళంలోకి సూదిలాంటి మూతిని దించుతుంది. లోపలి ఒత్తిడికి తీపినీరు తోసుకొస్తుంది. అందులో పురుగుకు కావలసిన మాంసకృత్తులు తక్కువ, చక్కెర ఎక్కువ. అందుకని ఎంతో తాగి, ఎక్కువైన తీపిని బయటికి వదిలేస్తుంది. అదే మనం ఆకు మీద చూసే జిగురు.

ఇంకా బాగా కళ్లకు కట్టేది కల్లు. గీత కార్మికుడు తాటి గెల మొనను రోజూ పలుచగా చెక్కి కుండ కడతాడు. బొట్టు బొట్టుగా కారేది వేరు పీల్చిన నీరు కాదు. ఆకులు వండిన చక్కెర, కాయల కోసమని గెలకు పంపుతున్నది, కుండలోకి మళ్లుతోంది. సున్నం రాసిన కుండలో పడితే తియ్యటి నీరా, లేకపోతే గంటల్లో పులిసి కల్లు. మీ అమ్మాయి పుస్తకంలో పోషక కణజాలం బొమ్మ ఉంటుంది, కానీ నేనైతే పిల్లలకు ముందు తాటిచెట్టునే చూపిస్తాను. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. తాటిచెట్టులో తిండి కిందికే కాదు, గెలకు కూడా పోతుంది కదా! “నీళ్లు పైకి, తిండి కిందికి” అని పరీక్షల కోసం బట్టీ పట్టే వాక్యం సగమే సరైనది. నీళ్లు పైకే పోతాయి. తిండి మాత్రం వండిన చోటి నుంచి ఆకలి ఉన్న చోటికి పోతుంది. పిందెకు ఆకలైతే పిందెకు, చిగురుకు ఆకలైతే చిగురుకు, వేరుకు ఆకలైతే వేరుకు.

ఇక ఆ ఉబ్బు. మీరు “వడలా” అని రాశారు, చదవగానే నాకు మాల్పీజీ గుర్తొచ్చాడు. 1670లలో ఇటలీలోని బొలోన్యాలో ఉన్న వైద్యుడు. కొమ్మల నుంచి ఉంగరంలా బెరడు ఒలిచి కొన్నాళ్లు ఆగి చూశాడు. ఉంగరానికి పైన ఉబ్బింది, కింద ఉబ్బలేదు. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగుతూ అక్కడ ఆగిపోయిందని ఆయన గ్రహించాడు. మీ పెరట్లో నాలుగేళ్లుగా అదే ప్రయోగం జరిగింది. తీగ బిగుస్తున్న కొద్దీ దిగవలసిన చక్కెర పైనే పేరుకుపోయింది, అక్కడ బెరడు, కర్ర మామూలుకన్నా ఎక్కువగా పెరిగాయి. తీగ కింద ఉన్న వేళ్లకు ఏటేటా వాటా తగ్గుతూ వచ్చి, సంక్రాంతి నాడు పూర్తిగా ఆగింది.

విపరీతమైన పూతకు కూడా కారణం ఇదే కావచ్చు. కిందికి పోవలసింది పైనే మిగిలితే కొమ్మలు దాన్ని పూతకు, కాయకు పెడతాయి. ఇది తెలిసే ద్రాక్ష రైతులు కొందరు కాండం చుట్టూ చాలా సన్నగా, నాలుగైదు మిల్లీమీటర్ల మేర మాత్రమే, బెరడు తీస్తారు. పండు లావెక్కుతుంది. అంత సన్నటి గాయం కొన్ని వారాల్లో పూడుకుపోతుంది కాబట్టి వేరుకు ఇబ్బంది లేదు. నర్సరీలో జామకు, దానిమ్మకు గాలి అంటు కట్టేటప్పుడు కొమ్మ చుట్టూ బెరడు తీసి తడి నాచు కట్టేదీ ఇందుకే. ఆగిపోయిన ఆహారంతోనే ఆ చోట కొత్త వేళ్లు పుడతాయి. మీ చెట్టు గాయం రెండు వేళ్ల వెడల్పు, అది దానంతటది పూడటం కష్టం. ఎన్నడూ లేని పూతను ఆనందంగా రాశారు, నాకు మాత్రం అది చదివి గుండె జారింది.

వేళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? వేళ్లలో పిండి పదార్థం నిల్వ ఉంటుంది. కొన్ని చెట్లు ఆ నిల్వ తింటూ ఏడాది, అంతకంటే ఎక్కువ కూడా పచ్చగా నిలబడతాయి. నిల్వ అయిపోతుంటే ముందు దారాల్లాంటి పీచువేళ్లు చస్తాయి. నీటిని పీల్చేవి అవే. కర్రలో గొట్టాలు ఎంత బాగున్నా, కింద పీల్చేవాళ్లు లేకపోతే నీరెక్కడిది? అప్పుడు ఆకు వాడుతుంది. ఆకు వాడాక కట్టు కట్టినా ఫలితం ఉండదు. మీరు ఇప్పుడే రాయడం మంచిదైంది.

పక్కింటి పెద్దాయన సలహా మంచి మనసుతో ఇచ్చినదే. కానీ యూరియా చెట్టుకు అన్నం కాదు, అన్నంలో ఉప్పులాంటిది. పైగా లవణాలను లోపలికి తీసుకోవడానికి వేరు శక్తి ఖర్చు పెట్టాలి, ఆ శక్తికి చక్కెర కావాలి. ఆకలితో ఉన్న వేరు పక్కన యూరియా గుమ్మరిస్తే మేలు లేకపోగా కీడు జరగవచ్చు. బెల్లం నీళ్లతో నేలలోని సూక్ష్మజీవులు, చీమలు పండగ చేసుకుంటాయి. ఒక మామిడి చెట్టు వేళ్లకు సరిపడా తిండి ఆ దారిన చేరదు.

ఆకుల దగ్గర నుంచి దిగే దారి తెగినప్పుడు, తెగిన చోటుకు కింద ఆకులుంటే అవి వేళ్లకు అన్నం పెట్టగలవు. పిలకలంటే అవే. అవి బలం లాగేయడం లేదమ్మా, బలం పెట్టడానికి వస్తున్నాయి. వాటిలో కనీసం నాలుగైదింటిని, మాను చుట్టూ తలోవైపు ఉండేలా ఎంచి పెరగనివ్వండి. అంటు కట్టిన అతుకు ఎక్కడుందో చూడండి, మానుకు మొదట్లో చర్మం తీరు మారిన చోటు ఉంటుంది. అతుకుకు పైన పుట్టిన పిలక చిన్నరసమే. అతుకుకు కింద పుట్టినది నాటు మామిడి. ప్రస్తుతానికి రెండూ మనకు కావాలి, వేరుకు తిండి పెట్టే ఆకు ఏ జాతిదైనా ఒకటే.

తర్వాత ఊడిన చోట చుట్టూ నిదానంగా వెతకండి. ఎక్కడైనా అడ్డంగా కాకుండా పైనుంచి కిందికి కలుపుతూ సన్నటి బెరడు పట్టీ మిగిలిందా? గోటితో పైపైన గీరితే పచ్చగా, తడిగా కనిపిస్తే ప్రాణముంది. బొటనవేలంత వెడల్పు పట్టీ మిగిలి ఉన్నా అది ఒంటిచేత్తో చెట్టును నిలబెట్టగలదు. కనిపిస్తే దాన్ని పొరపాటున కూడా గీకకండి.

బయటపడిన కర్ర ఎండకు ఎండి పగలకుండా చూడాలి. చిరిగి వేలాడే బెరడును పదునైన కత్తితో అంచు నున్నగా కోసి, కర్ర భాగం మీద మాత్రమే బోర్డో ముద్ద పూయండి. ఒక కిలో మైలతుత్తం, ఒక కిలో సున్నం, పది లీటర్ల నీరు అన్నది ఆ ముద్ద పాళ్లు, మీకు అందులో పదో వంతు చాలు. మైలతుత్తాన్ని ఇనుప పాత్రలో కలపకండి, ప్లాస్టిక్ బకెట్టు వాడండి. పైన, కింద బెరడు అంచులకు అది అంటనివ్వకండి, రేపు అతుకు వేయవలసింది అక్కడే. దాని మీద గోనెపట్టా వదులుగా వేలాడదీస్తే నీడగా ఉంటుంది. వదులుగా అని మళ్లీ రాస్తున్నాను.

నీళ్ల విషయంలో ఈ వేసవి జాగ్రత్త. రోహిణి కార్తె ఎండల్లో ఆకులు మామూలుగానే లాగుతాయి, కింద వేళ్లు మామూలుగా లేవు. పాదును చెట్టు నీడ అంచు దాకా పెంచి, ఎండుటాకులు పరిచి, తడి ఆరకుండా కొంచెం కొంచెంగా ఇవ్వండి. నిల్వ ఉండేలా పోస్తే వేళ్లకు గాలి ఆడదు. పిందెల మాట అడుగుతారేమో. పిందెలు తీసేసినా ఆ చక్కెర కిందికి దిగే దారి లేదు కాబట్టి ఇప్పుడు తీయడం వల్ల వేళ్లకు ఒరిగేది పెద్దగా లేదు. ఆకులు మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి కూడా లేవకపోతే మాత్రం సగానికి పైగా తీసేసి, కొన్ని పై కొమ్మలు తగ్గించండి. నీటి ఖర్చు తగ్గుతుంది.

అసలు వైద్యం తెగిన దారికి వంతెన వేయడం. మీది నూజివీడు ప్రాంతం కాబట్టి మామిడి అంటు కట్టే చేయితిరిగిన మనుషులు దొరుకుతారు, వాళ్లకే అప్పగించండి. కాకపోతే దగ్గర ఉండి చూడండి. బెరడు సులువుగా లేచే కాలంలోనే ఈ పని కుదురుతుంది. కత్తిమొనతో అంచు దగ్గర చిన్న చీలిక పెట్టి ఎత్తితే బెరడు కర్ర నుంచి తడిగా, శుభ్రంగా విడివడితే ఇప్పుడే చేయవచ్చు. పీచులుగా చిరిగితే మృగశిర వానలు పడేదాకా ఆగాలి. అదే చెట్టు నుంచి పెన్సిలంత లావున్న ఆరోగ్యమైన పుల్లలు తీసి, ఆకులు కోసేసి, రెండు చివరలూ ఏటవాలుగా చెక్కి, ఒక చివర గాయానికి పైబెరడు కింద, మరో చివర కింది బెరడు కింద దూర్చి సన్నటి మేకులతో బిగిస్తారు. మూడు వేళ్ల దూరానికి ఒకటి చొప్పున మాను చుట్టూ. ఇందులో జనం ఎక్కువగా తప్పు చేసేది ఒకచోట. కొమ్మ మీద ఉన్నప్పుడు పుల్లకు ఏ కొస పైనుందో, వంతెనలోనూ ఆ కొసే పైన ఉండాలి. తలకిందులైతే సరిగా కలవదు. పుల్ల కాస్త విల్లులా వంగి ఉండేంత పొడుగు ఉంచాలి, గాలికి మాను ఊగినా ఊడకుండా. అతికిన చోట మైనం పూయాలి, పుల్ల మీద పుట్టే చిగుళ్లను తుంచాలి.

దీనికంటే నాకు ఎక్కువ నమ్మకమున్నది పిలకల వంతెన. మీరు ఈ రోజు నుంచి పెరగనిచ్చే పిలకలు వానాకాలానికి గాయం దాటి ఎత్తు పెరిగితే, వాటి కొసలను గాయానికి పైన బెరడులో దూర్చి అతికించవచ్చు. కోసి తెచ్చిన పుల్ల అతుక్కునేదాకా ఆకలితో ఉంటుంది. పిలక కింద వేరుతో కలిసే ఉంటుంది, ఎన్నాళ్లయినా ఓపిక పడుతుంది. పిలకలు చాలకపోతే మాను చుట్టూ రెండు మూడు టెంక మొక్కలు నాటి, అవి ఎదిగాక వాటినీ ఇలాగే అతికిస్తారు. మొక్కను తల్లిచెట్టుకు ఆనించి అంటు కట్టడం మామిడిలో మన దగ్గర పాత విద్యే. అప్పుడు చెట్టుకు అదనంగా కొత్త వేళ్లు కూడా కలిసివస్తాయి.

బట్టల తీగ మళ్లీ ఎక్కడో కట్టాలి కదా. కొబ్బరిచెట్టు ఉంటే దానికి కట్టుకోండి. కొబ్బరి, తాడి మానుల్లో నీటి గొట్టాలు, తిండి గొట్టాలు కట్టలు కట్టలుగా మానంతా చెదిరి ఉంటాయి, మామిడిలా అంచున ఒక్క ఉంగరంలో ఉండవు. అవి ఏటేటా లావెక్కవు కూడా. గీత కార్మికులు నిచ్చెనలా గాట్లు పెట్టిన తాటిచెట్లు దశాబ్దాలు బతకడం అందుకే. మామిడి, వేప, నేరేడు లాంటి వాటికి కట్టక తప్పకపోతే చుట్టకండి. ఒక కొక్కెం దిగగొట్టండి. వినడానికి క్రూరంగా ఉంటుంది, కానీ మేకు చేసే గాయం మేకంతే, చెట్టు దాన్ని పూడ్చుకుంటుంది. చుట్టిన తీగ ఏ గాయమూ చేయనట్టే కనిపిస్తూ దారంతా మూసేస్తుంది. మా ఇంట్లో నేరేడు కొమ్మకు పిల్లల ఉయ్యాల కోసం కట్టిన నైలాన్ తాడు అలాగే ఉండిపోయి, మూడో ఏడు గాలివానకు ఆ కొమ్మ సరిగ్గా తాడు దగ్గరే విరిగింది. విరిగిన చోట తాడు కర్ర లోపల రెండంగుళాల లోతున ఉంది. అప్పటినుంచి వీధిలో వెళుతుంటే చెట్లకు చుట్టిన తీగలే నా కంటపడతాయి. పండగ దీపాల తీగలు, మొక్కలకు ఊతంగా కట్టి విప్పడం మరిచిన తాళ్లు, బోర్డులు వేలాడదీసిన బైండింగు వైర్లు. వీలైతే ఆగి విప్పుతాను.

మీ అమ్మాయికి ఒక చిన్న పని చెప్పండి. కాశీతుంబ మొక్కను వేళ్లతో సహా నెమ్మదిగా పెకలించి, కడిగి, ఎర్రసిరా కలిపిన నీటిలో ఎండ తగిలేచోట ఉంచమనండి. కొన్ని గంటల్లో ఆ పలుచటి కాండంలో ఎర్రటి గీతలు పైకి పాకడం కనిపిస్తుంది. అవే దారునాళాలు. బ్లేడుతో అడ్డంగా పలుచటి చెక్కు తీసి చూస్తే ఎరుపు ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలుస్తుంది. ఎరుపు లేని బయటి అంచులోనే మీ చెట్టుకు తెగిపోయిన దారి ఉంటుంది.

చివరిగా, అతుకులు వేసినప్పుడు పైనుంచి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతారు. రెండు మూడు నెలల్లో అతుకు కలిసిపోతుంది, పట్టీ మాత్రం దానంతటది ఊడదు. కట్టిన రోజునే విప్పవలసిన తారీఖును మీ అమ్మాయి చేత గోడ క్యాలెండరు మీద రాయించండి.